పుంగనూరు పిల్లి, కుప్పం పిల్లి

నిన్న మా అమ్మాయి ఒక పాత తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ముందుగదిలో ఉన్న పిల్లి రెండు రోజులుగా పడుకున్న తువ్వాలు అది. దాన్ని వెనకగదిలో ఉన్న పిల్లి కింద వేయాలట, దాని తువ్వాలు దీని కింద వేయాలట, ఒకదాని వాసన ఒకదానికి అలవాటయ్యాకే మధ్య తలుపు తీయాలట. రెండూ పెద్ద పిల్లులే. ఒకదాన్ని తను ఉద్యోగం చేసే కుప్పంలో ఎవరో ఊరు మారుతూ వదిలేసిపోతే తెచ్చింది, రెండోదాన్ని ఇక్కడే మదనపల్లెలో స్నేహితురాలి ఇంటి నుంచి తెచ్చింది. ఇదంతా ఫోనులో చూసి నేర్చుకున్నానని గొప్పగా చెప్పింది. ఎండలో పడేసిన గోనెసంచి లాంటి ఆ వెచ్చటి బొచ్చు వాసన ముక్కుకు తగలగానే తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. ఇదే పని నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకావిడ చేసింది. ఆమెకు చదువు రాదు.

అంతకు ముందు మాది పుంగనూరు. రెండు గదుల పెంకుటిల్లు, వెనక కొట్టంలో ఒక పొట్టి ఆవు, ఇంట్లో నుదుట తెల్లమచ్చ ఉన్న పిల్లి చుక్కి. సాయంత్రం పాలు పిండుకుని లోపలికి రాగానే అమ్మ ఇత్తడి గిన్నె అంచు మీద వేలి ఉంగరంతో రెండుసార్లు టింగుటింగుమని కొట్టి, మెల్లగా "దామ్మా" అనేది. పేరు కూడా పెట్టేది కాదు. పక్కింటి మునెమ్మవాళ్ల అటక మీద నిద్రపోతున్నా సరే, ఆ చప్పుడుకి చుక్కి వచ్చి అమ్మ కాళ్ల మధ్య ఉండేది. చలికాలం అనపగింజలు నానబెట్టి, పితికి, ఆ పప్పుతో అమ్మ పులుసు కాస్తుంటే పొయ్యి పక్కన ఒకే గోనెపట్టా మీద నేనూ చుక్కీ వెచ్చగా ముడుచుకునేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇల్లంతా చింతపండు వాసనతో పులిసిపోయి ఉంటే, నేను నడవలో కూర్చుని అచ్చనగండ్లు ఆడేదాన్ని, ఎగరేసిన రాయి కిందపడక ముందే చుక్కి కాలితో తన్నేసేది. ఉగాదికి ఓళిగల మీద వేసిన నెయ్యిలో మొదటి నాకుడు దానిదే.

అమ్మకు జ్వరం వచ్చి పదకొండు రోజులు మంచంలో ఉంది. చుక్కి ఆమె కాళ్ల దగ్గర నుంచి లేవలేదు. పన్నెండో రోజు అమ్మ పోయింది. ఆ గిన్నె మీద చప్పుడు చేయడం తర్వాత నాకొక్కదానికే మిగిలింది, చెంచాతో కొట్టేదాన్ని.

మా వంశంలో నెలజీతం చూసిన మొదటి మనిషి మా నాయన, మదనపల్లెలో గుమాస్తా. ఏడాది తిరిగాక కుప్పం దగ్గర పల్లెలో గొర్రెలు మేపుకునే వాళ్లింటి నుంచి చిన్నమ్మను పెళ్లి చేసుకున్నాడు. మదనపల్లెలో కొత్తగా కట్టించిన మిద్దెలోకి, సున్నం వాసన ఇంకా పోకముందే దిగాం. చుక్కి లేకుండా నేను రానని మొండికేస్తే నాయన సరేనన్నాడు. చిన్నమ్మ కూడా పుట్టింట్లో తను పెంచుకున్న పిల్లిని తెచ్చుకుంటానని నోరు తెరిచి అడిగింది. ఆ ఇంటికొచ్చి ఆమె అడిగింది అదొక్కటే.

పెద్దపిల్లిని కొత్త ఇంటికి తేవడానికి వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. దారి కనబడకుండా గోనెసంచిలో పెట్టి, మూతి కట్టి తేవాలి. గడప దాటగానే పొయ్యి ముందు మూడుసార్లు తిప్పి, నాలుగు పాదాలకూ ఆముదం పూయాలి. పాదాలు నాక్కుంటూ కూర్చుంటే ఇల్లు వంటబడుతుందట. చిన్నమ్మ తన నల్లపిల్లి కర్రికి ఇవన్నీ చేసింది. నేను మాత్రం చుక్కిని బుట్టలో పెట్టుకుని, బస్సు కిటికీ పక్కన కూర్చుని, పుంగనూరు నుంచి మదనపల్లె దాకా దారంతా దానికి చూపిస్తూ తెచ్చాను.

"దావ సూసిన పిల్లి నిలబడదమ్మా. ఇట్ల తే, దీనికీ ఆముదం పూస్తాను," అంది చిన్నమ్మ.

మా పిల్లికి అవసరం లేదని, ఇది మా నాయన ఇల్లేనని అన్నాను. వచ్చినవాళ్లకే ఆముదం కావాలని కూడా అన్నాను. తొమ్మిదేళ్ల పిల్లకు అంత మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆమె ఆముదం గిన్నె మీద మూతపెట్టి లోపలికి పోయింది.

ఆ రెండు పిల్లులూ ఒకదాన్ని చూసి ఒకటి గుర్రుమంటూ చెరో గదిలో కూర్చున్నాయి, రెండు రోజులు ఏదీ సరిగా తినలేదు. చుక్కి కింద అమ్మ నీలం చీర ముక్క ఒకటి పరిచాను. అమ్మ పోయాక ఉతకని గుడ్డ అదొక్కటే. బడికి పోయేముందు దాన్ని ముఖానికి ఆనించుకుని వాసన చూసేదాన్ని, పాలూ పొగా కలిసిన అమ్మ వాసన ఇంకా ఉండేది. మూడోరోజు బడి నుంచి వచ్చేసరికి ఆ చీరముక్క మీద కర్రి పడుకుని ఉంది. చుక్కి కింద చిన్నమ్మ పాత రవిక ఉంది. గుడ్డలు మార్చింది తనేనని చిన్నమ్మ దాచకుండా చెప్పింది.

"తల్లి సచ్చిన పిల్లను ఇంగో గొర్రి రానియ్యాలంటే, ఆ గొర్రి వాసన దీనికి పుయ్యాలమ్మా. మా నాయన అట్లే సేస్తాడు."

ఆమె పిల్లుల సంగతే చెప్పింది. నాకు మాత్రం తల్లి చచ్చిన పిల్ల అన్నంతవరకే వినబడింది. చీర లాక్కుని వాసన చూస్తే అంతా పిల్లిబొచ్చే. మళ్లీ మళ్లీ చూశాను. అమ్మ లేదు. చీరను అక్కడే పడేశాను.

మర్నాడు చిన్నమ్మ వీధికొళాయికి పోయినప్పుడు పెరటి తలుపు బార్లా తీసి కర్రిని మెడపట్టి బయటికి విసిరేశాను. అది గిరుక్కున తిరిగి, నా కాళ్ల పక్కనుంచే లోపలికొచ్చి పొయ్యి వెనక దూరింది. నేను దాన్ని పట్టుకోవడానికి వంగి ఉండగానే చుక్కి తలుపు దాటి, ప్రహరీ ఎక్కి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా అవతలికి దూకేసింది.

చిన్నమ్మ వచ్చి బిందె దించింది. తీసి ఉన్న తలుపు చూసింది, నన్ను చూసింది. వీధులన్నీ తిరిగొచ్చి నా ముందు కూర్చుంది.

"పుంగనూరికే పోయుంటాది. మీ యమ్మ దాన్ని యెట్ల పిలస్తా ఉండె? సెప్పమ్మా, పోయి పిల్సుకొస్తా."

నాకు తెలియదన్నాను. ఆ గిన్నె చప్పుడు, ఆ "దామ్మా" ఈమె నోట్లో పడకూడదనుకున్నాను. మూడో రోజు చిన్నమ్మ ఒక్కతే బస్సెక్కి పుంగనూరు పోయింది. చీకటి పడ్డాక వచ్చి, "ఆడనే ఉండాది. మునెమ్మక్క పాలు పోస్తాండాది, బాగుండాది లే," అంది. చుక్కి మా అమ్మ ఇంటినే ఎంచుకుందని లోలోపల గెలిచినట్టు మురిసిపోయాను. చూసొద్దామని ఒక్కసారీ అడగలేదు, అడిగితే ఎక్కడ వెనక్కి తెస్తారోనని. కర్రి ఆ నీలం చీర మీదే ఇంకా తొమ్మిదేళ్లు బతికింది.

పోయినేడు చిన్నమ్మ దినాలకు మునెమ్మ వచ్చింది. చూపు ఆనదు, అయినా ఎవరో పట్టుకుంటే పుంగనూరు నుంచి వచ్చింది. మాటల మధ్య చుక్కికి పాలు పోసి సాకినందుకు ఇన్నేళ్లకు ఆమె చేతులు పట్టుకోబోయాను.

"యాడి పిల్లమ్మా? అది రాలా. మీ సిన్నమ్మే వొచ్చి పొద్దుగూకేదాకా సందు సందూ పూస్ పూస్ అని పిలస్తా తిరిగె. గొంతు పోయి, మాయింట్లో నీళ్లు తాగి బస్సుకు పాయె," అంది.

కుప్పం వైపు పిల్లుల్ని అలాగే పిలుస్తారు. చుక్కి ఆ దగ్గరలోనే ఏ అటక మీదో ఉన్నా ఆ పిలుపుకి రాదు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలిసి, ఇంట్లో అన్నం తింటూ కూర్చున్నాను. అప్పటి నుంచి చిన్నమ్మను తలుచుకుంటే ఆ సందుల్లోనే కనబడుతోంది.

ఇప్పుడు మా ఇంట్లో పొయ్యి లేదు, ఆముదం సీసా లేదు, పుంగనూరు పెంకుటిల్లు పడగొట్టి అంగళ్లు కట్టేశారు. ఇత్తడి గిన్నె ఒక్కటి మిగిలింది. ఈ పొద్దున కుప్పం నుంచి వచ్చిన పిల్లి మంచం కింద నుంచి ఎంతకీ రావడం లేదని, ఎలా పిలవాలమ్మా అని మా అమ్మాయి అడిగింది. నేను అటక మీది గిన్నె దించి, అంచు మీద ఉంగరంతో రెండుసార్లు కొట్టి, "దామ్మా" అన్నాను.

ఇంకోసారి కొట్టాను. పిల్లి రాలేదు. దానికి ఆ పిలుపు తెలియదు.