టీచరమ్మ పట్టుజాకెట్టు

కల్లూరులో మా ఇంటి ముందుగదే నా కుట్టు దుకాణం. రోడ్డు వైపు ఒక కిటికీ, దాని కింద మిషను, గోడ మేకులకు వేలాడే జాకెట్లు, ఒక నిలువుటద్దం. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే కూర్చుని చుట్టుపక్కల ఆడవాళ్లకు జాకెట్లు కుడుతున్నాను. ఒక మనిషి లావెక్కిందో తగ్గిందో ఆమె ఇంట్లోవాళ్లకన్నా ముందు నాకు తెలుస్తుంది. ముఖం చూసి కాదు, చంక కింద కుట్టు ఎటు లాగుతోందో చూసి.

టీచరమ్మ నాకు పదిహేనేళ్లుగా తెలుసు. ఊరి బయట ప్రభుత్వ బడిలో పనిచేస్తుంది. నాకన్నా పదేళ్లు చిన్న. నాకు అక్షరాలు నేర్పింది ఆమే. అప్పటిదాకా నేను ఒక్కొక్కరి కొలతకు ఒక్కొక్క దారం పెట్టుకుని, వాటికి ముళ్లు వేసుకుని గుర్తుపట్టేదాన్ని. ఒకసారి దారాలు కలిసిపోయి ఆమె జాకెట్టును వేరే ఆమె కొలతకు కుట్టాను. ఆమె కోప్పడలేదు. మరుసటి రోజు పలక తెచ్చి మిషను మీద పెట్టి, "ఛాతీ, నడుము, చెయ్యి. ఈ మూడు మాటలు రాసేది నేర్చుకోక్కా, మిగిలినవి అవే వస్తాయి" అంది. యాభై దాటాక అట్లా మొదలైంది నా చదువు. సాయంత్రం షేర్ ఆటో దిగి, ఇంటికి పోయే ముందు పావుగంట నా దగ్గర కూర్చునేది. నేను తప్పు రాస్తే నవ్వేది కాదు, వేలితో తుడిచి మళ్లీ రాయించేది.

పోయిన ఏడాది ఎండలు ముదరకముందు ఆమె ఒక కొత్త సంగతి చెప్పింది. షుగరు మొదలైందట, మోకాళ్లు నొస్తున్నాయట, డాక్టరమ్మ వారానికొక సూది రాసిందట. చూడ్డానికి పెన్నులా ఉంటుంది, కడుపు మీద చర్మం పట్టుకుని తనే పొడుచుకోవాలి. ఆకలి తగ్గుతుంది, దాంతో ఒళ్లు తగ్గుతుంది.

మా దుకాణంలో హుక్కులు, కాజాలు కుట్టడానికి పక్కవీధి నుంచి ఒక పెద్దామె వస్తుంది. బూబమ్మ అంటాం. ఆమె అద్దాలు ముక్కు మీదికి జార్చి, "ఆకలి తగ్గేదానికి సూది ఎందుకు తల్లీ? మా కోడలు చేసిన కూర పంపిస్తా. వారం దినాలు అన్నం ముట్టవు" అంది.

టీచరమ్మ నవ్వింది. ఆమెకు తిండి అంటే ఎంత ఇష్టమో మా ఇద్దరికీ తెలుసు. బొరుగుల ఉగ్గాని, బజ్జీల పొట్లం విప్పితే మొదటి బజ్జీ ఆమెదే. అలాంటిది, సూది మొదలుపెట్టిన రెండో నెలలో ఒక సాయంత్రం బూబమ్మ పొట్లం విప్పితే, చిటికెడు నోట్లో వేసుకుని కాగితం అవతలికి జరిపింది.

"కష్టంగా లేదా టీచరమ్మా?" అని అడిగాను.

"లేదక్కా. అదే విచిత్రం. ఇన్నేండ్లూ నా తలకాయలో ఎవురో కూచోని ఏం తిందాం, ఏం తిందాం అంటాండిరి. బడిలో పాఠం చెప్తాంటే గూడా అదే. ఇప్పుడు వాళ్లు ఊరు ఖాళీ చేసి పోయినట్టుండాది. ఇంత నిమ్మళంగా బతికేవాళ్లు ఉంటారని నాకు తెలీనే తెలీదు."

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఆమెకు నోరు కట్టుకోవడం చేతకాదని అప్పటిదాకా నేనూ అనుకునేదాన్ని. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, మనసులో అనుకున్నాను.

దసరా నాటికి నలభై నాలుగు అంగుళాల ఛాతీ ముప్పై ఎనిమిదికి వచ్చింది. మోకాళ్ల నొప్పి పోయింది. ఆటో దిగి చకచకా నడిచి వచ్చేది. కార్తీకంలో వాళ్ల తమ్ముడి నిశ్చితార్థం ప్రొద్దుటూరులో. దానికి ముందు ఒక సంచి నిండా పాత జాకెట్లు తెచ్చింది. అన్నిటికన్నా పైన వంకాయరంగు పట్టుజాకెట్టు ఉంది. ఆమె పెళ్లికి వాళ్లమ్మ కొన్న చీరది. ఆ తమ్ముడు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్లమ్మ పోయింది. అప్పటినుంచి వాడిని పెంచింది టీచరమ్మే.

జాకెట్టు బిగువు చేయడం సులువు. పాత కుట్టుకు లోపలగా కొత్త కుట్టు వేస్తే చాలు, మిగిలిన గుడ్డ లోపల అట్లాగే ఉంటుంది. నాకు కుట్టు నేర్పిన మా మేనత్త ఆదోనిలో కుట్టేది. ఆమె నాకు మొదటిరోజే చెప్పింది, ఆడవాళ్ల జాకెట్టులో ఆ గుడ్డను ఎన్నడూ కత్తిరించొద్దని. కాన్పులు వస్తాయి, జబ్బులు వస్తాయి, ఒళ్లు ఒక్కతీరుగా ఉండదు. విప్పుకోవడానికి గుడ్డ ఉండాలి.

టీచరమ్మ ఒక జాకెట్టు తొడుక్కుని చూసి, "ఈ గుడ్డ లోపల ముద్దలు కట్టి గుచ్చుకుంటాందక్కా. కత్తిరించెయ్యి" అంది.

"ఉండనీలే. ఎందుకన్నా పనికొస్తాది."

"ఎందుకు పనికొస్తాది? నేను మళ్లా లావైతానని పెట్టుకునేదే గదా అది."

ఆమె ముఖంలో ఉన్న సంతోషం ఎదుట నా మేనత్త మాట చెప్పడానికి నోరు రాలేదు. చెబితే శాపం పెట్టినట్టు అవుతుందని అనిపించింది. కత్తెర తీసుకుని, కుట్టు పక్కన ఉన్నదంతా కోసేశాను. పట్టుజాకెట్టుది కూడా. ఆ పీలికలను బూబమ్మ దిండులో కూరింది.

నిశ్చితార్థం బాగా జరిగిందని తెలిసింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆమె రాకపోకలు తగ్గాయి. పరీక్షల పని అనుకున్నాను. ఒకరోజు షేర్ ఆటోలో ఎదురెదురుగా కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమె పవిటను రెండు భుజాల మీదుగా కప్పుకుంది. ఆటో కుదుపుకు పవిట జారితే చంక దగ్గర కుట్టు పిగిలిన చోట పిన్నీసు కనిపించింది. ఆమె నా చూపు గమనించి బయటికి చూడసాగింది. నేను కూడా చూడనట్టే ఉండిపోయాను. ఆమెను ఇబ్బంది పెట్టకూడదని అట్లా చేశాను గానీ, అప్పుడే ఒక మాట మాట్లాడి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆమె మా వీధిలో దిగడమే మానేసింది. ముందు స్టాపులో దిగి వెనకవీధి గుండా పోతోందని బూబమ్మ చెప్పింది. నా దుకాణంలో అద్దం ఉంది, నా మెడలో టేపు ఉంది. అందుకే రావడం లేదని నాకు అర్థమైంది.

వేసవి సెలవుల్లో ఆమె తమ్ముడు పెళ్లిపత్రిక తెచ్చి ఇచ్చాడు. నీళ్లు తాగి, "పెద్దమ్మా, మా అక్క నీ మాట వింటాది. ఒకసారి పోయి చెప్పవా?" అన్నాడు.

"ఏమైందప్పా?"

"పెళ్లికి వస్తాదంట గానీ స్టేజీ ఎక్కదంట. మూడో ముడి మా చిన్నమ్మ కూతురితో ఏయించుకో అంటాంది. నాకు అమ్మ అయినా అక్క అయినా ఆమే. ఆమె ఏయకుంటే నేను ఎట్ల కూచోవాల పీటల మీద?"

మా వైపు చాలా ఇళ్లలో పెళ్లికొడుకు రెండు ముళ్లు వేస్తే, మూడోది ఆడపడుచు వేస్తుంది. పెళ్లికూతురి వెనక నిలబడి, చేతులు రెండూ ఎత్తి, అందరి కళ్ల ముందు వేయాలి. టీచరమ్మ దేనికి భయపడుతోందో నాకు చెప్పనక్కరలేకపోయింది.

ఆదివారం వాళ్లింటికి పోయాను. నైటీ మీద టవలు కప్పుకుని తలుపు తీసింది. మంచం మీద జాకెట్లు కుప్పగా పడి ఉన్నాయి.

"ఏందక్కా, కొలతలు తీసుకునేదానికొచ్చినావా?" అంది.

"నీళ్లియ్యి ముందు. ఎండలో పడి వచ్చినా."

నీళ్లు ఇచ్చి నా పక్కనే కూర్చుంది. సూది ఎప్పుడు మానేశావని అడిగాను.

"నిశ్చితార్థం అయినాక. తగ్గినా గదా, ఇంక ఎన్నాళ్లు పొడుచుకోవాల అనుకొంటి. జ్వరం పోతే మాత్ర మానేస్తాం, అట్లే. డాక్టరమ్మను అడగను గూడా అడగలే. ఒక నెల ఏం కాలేదు. ఆమ్యాక ఒకరోజు బడిలో పిల్లోళ్లకు గుడ్లు పెడతాంటే ఆ వాసనకు నోట్లో నీళ్లూరినాయి. ఏడుపొచ్చింది నాకు. వాళ్లు మళ్లా వచ్చినారు, తలకాయలోకి."

నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసి కింద పెట్టింది. తర్వాత ఆమే చెప్పింది.

"పోయిన వారం డాక్టరమ్మ దగ్గరికి పోయినా. బీపీ మాత్ర మానేస్తే బీపీ రాదా, ఇదీ అంతే అనె. తప్పు నీది కాదు, సూది పని చేసినన్ని దినాలే ఆకలి అణిగి ఉంటాది అనె. ఆమె చెప్పింది బాగనే ఉండాది. ప్రొద్దుటూరులో మా వాళ్లందరికీ ఆమె వచ్చి చెప్తాదా? నిశ్చితార్థంలో మా చిన్నమ్మలు నా చెయ్యి పట్టుకొని, పెళ్లికూతురు నువ్వా ఆ పిల్లా అన్నారు. ఏం చేసినావంటే పొద్దున్నే నడుస్తాండా అని చెప్పినా. సూది సంగతి చెప్పేదానికి సిగ్గైంది. ఇప్పుడేం చెప్పాల? నడిచేది మరిచిపోయినా అనాల్నా?"

నేను కుప్పలోంచి పట్టుజాకెట్టు తీసి లోపలివైపు తిప్పాను. కుట్టు పక్కన గోరంత గుడ్డ కూడా లేదు. నా కత్తెర నడిచిన దారి అంతా కనబడుతోంది.

"ఈ తప్పు మాత్రం నాది" అన్నాను.

"నేను చెప్తేనే గదా కోసినావు."

"నువ్వు చెప్తావు. కుట్టేదాన్ని నేను. కోయకూడదని తెలిసి గూడా కోసినా. నీకు కోపమొస్తాదని భయపడితిని. అంత సంతోషంగా ఉండావని నోరు రాలే."

ఆమె ఏడవలేదు. జాకెట్టు నా చేతిలోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమురుతూ ఉంది. "దీన్నే తొడుక్కోని మా వాని పెళ్లి చూడాలనుకొంటినక్కా. మా అమ్మ అక్కడ ఉన్నట్టుంటాదని" అంది.

చీర తెమ్మన్నాను. తెచ్చింది. కుచ్చిళ్ల లోపలికి పోయే కొస నుంచి జానెడు గుడ్డ తీస్తే ఎవరికీ తెలియదు. పాత పట్టు కాబట్టి కొత్త కుట్టుకు పిగిలే భయం ఉంది, లోపల మెత్తటి నూలుగుడ్డ వేయాలి. రెండు పక్కలా రెండు పట్టీలు, చంకల్లో తమలపాకంత ముక్కలు. చేతులు ఎత్తినప్పుడు బరువంతా ఆ ముక్కల మీద పడేటట్టు కుట్టాలి. ఇదంతా చెప్పి టేపు తీశాను. ఆమె లేచి నిలబడి టవలు తీసి కుర్చీ మీద వేసింది. ఛాతీ నలభై రెండు దాటింది. నేను ఆ అంకెను పైకి చదవలేదు. పుస్తకంలో రాసుకున్నాను.

నాలుగు రోజులు మరో జాకెట్టు ముట్టలేదు. రెండుసార్లు విప్పి కుట్టాను. ఆమె తొడిగి చూడటానికి వచ్చే రోజు అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టాను.

"అద్దం ఎందుకు తిప్పినావు? నేను ఎట్లుండానో నాకు తెలియొద్దా?" అంది బూబమ్మ.

టీచరమ్మ ముందువీధి నుంచే వచ్చింది. జాకెట్టు తొడిగించి, చేతులు ఎత్తమన్నాను. ఊరికే ఎత్తితే లాభం లేదు, ముడి వేసే తీరుగా ఎత్తాలి. బూబమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, నా టేపు ఆమె మెడచుట్టూ వేసి, వెనక ముడి వేయమన్నాను.

"ఈ వయసులో నాకు పెళ్లేందమ్మా" అంది బూబమ్మ తల వంచుకుని. "ఇంతకీ పెళ్లికొడుకు యాడ? దుడ్లున్నోడేనా?"

టీచరమ్మ ఎంత నవ్విందంటే మొదటి ముడి జారిపోయింది. నేను ఆమె చంక కింద కుట్టు మీద వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. నవ్వుకు కూడా పట్టు లాగలేదు. మూడుసార్లు వేయించాను. అప్పుడు ఆమె తనే పోయి అద్దాన్ని ఇటు తిప్పుకుంది. కొంచెంసేపు చూసుకుంది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "అతుకు కనబడలేదక్కా" అంది.

పెళ్లికి ప్రొద్దుటూరు పోయాను. పొద్దున ముహూర్తం. స్టేజీ పక్కగా కనబడే చోట కూర్చున్నాను. తమ్ముడు రెండు ముళ్లు వేసి వెనక్కి చూశాడు. టీచరమ్మ ఆడవాళ్ల మధ్య నుంచి రావడానికి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వంకాయరంగు పట్టుచీర కదిలింది. పెళ్లికూతురి వెనక నిలబడి చేతులెత్తింది. పసుపు తడికి తాడు జారింది. అయ్యవారు తొందర పెడుతున్నా ఆమె తొందరపడలేదు. మళ్లీ తీసి, గట్టిగా లాగి వేసింది. అందరూ అక్షింతలు వేస్తుంటే నేను మాత్రం ఆమె చంకలే చూస్తూ కూర్చున్నాను. ఒక్క పోగు కదలలేదు.

భోజనాల్లో ఆమె నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఎదుటి వరసలో వాళ్ల చిన్నమ్మ కూతురు. ముప్పై ఏళ్లుంటాయి, బొద్దుగా ఉంది. నిశ్చితార్థం నాటినుంచి ఆ పిల్ల కూడా రోజూ నడుస్తోందట.

"ఏమక్కా, మళ్లా ఒళ్లు చేసినావే" అంది ఆ పిల్ల. "నడిచేది మానేసినావా? నేను ఆరునెల్లుగా నడుస్తాండా, ఒక కేజీ గూడా తగ్గలే. నువ్వు ఎట్ల నడిస్తివో చెప్పక్కా."

ఆ వరసలో తినేవాళ్లు అటు తిరిగారు. టీచరమ్మ చేతిలోని భక్ష్యం ఆకులో పెట్టింది.

"నడిచి తగ్గలేదమ్మీ. సూది ఏసుకుంటి, ఆకలి తగ్గేదానికి. ఆ దినం నీకు అబద్ధం చెప్పినా. సూది మానేసినా, ఆకలొచ్చింది, ఒళ్లొచ్చింది. నీ నడకలో తప్పేం లేదు."

"మంచిదేనా ఆ సూది?"

"నాకు మోకాళ్లు బాగైనాయి, షుగరు తగ్గింది. మానేస్తే మళ్లా వస్తాది. నువ్వు ఏసుకోవాలంటే ఆ సంగతి తెలుసుకోని ఏసుకో. నేను డాక్టరమ్మను అడగాల్సినవి అడగలే. సోమవారం పోతాండా మళ్లా ఆమె దగ్గరికి, ఏం చేయాల్నో అడిగేదానికి. వస్తావా?"

ఆ పిల్ల తల్లివైపు చూసి, మళ్లీ టీచరమ్మ వైపు చూసి, "ఎన్ని గంటలకు?" అంది.