గడుసు అనే మాట

ఎవరినైనా గడుసుది అనబోతే నాకు ఆవిడే గుర్తొస్తుంది. నూజివీడులో బస్సెక్కి, అలసటగా నా పక్కన కూలబడి, నా చేతిలోని ఇంగ్లీషు పుస్తకం చూసింది.

"ష్రూడ్ అంటే ఏంటండీ? మామిడికాపు బేరం తెగ్గానే షావుకారు నన్నలా అన్నాడు."

"గడుసు అని. మెచ్చుకునే మాటేనండీ. ఒకప్పుడు మాత్రం ఇంగ్లీషువాళ్ళు దుర్మార్గుల్ని ఆ మాటతో తిట్టేవాళ్ళు."

"మా ఆయన బేరమాడితే తెలివనేవాళ్ళు. ఆయన పోయాక నేనాడితే గడుసుదంటున్నారు," అని కళ్ళు మూసుకుంది.

ముసునూరు వస్తుండగా కళ్ళు తెరిచింది. "ఆ తిట్టు మెచ్చుకోలు కావడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ?"

"వందల ఏళ్ళు."

"అయితే నేను దిగేలోగా కాదన్నమాట," అంటూ సంచీ అందుకుని లేచింది.