మ్యాండలిన్ మీద మైకు

జ్ఞానరాజు గురించి రాయడమంటే ముందు ఆయన చేతి గురించి రాయాలి. కానీ రామప్రసాద్ గారి నోటితో మొదలుపెట్టక తప్పడం లేదు. ఆయన ఉన్నచోట ఎవరి కథైనా ఆయన నోటితోనే మొదలయ్యేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. రామప్రసాద్ గారి నోరు మంచిదే. ఎవరినీ ఒక్క చెడ్డమాట అనగా నేను వినలేదు. ఆ మంచి నోరే జ్ఞానరాజు కొంప ముంచింది.

ఇది 2005 నాటి సౌదీ అరేబియా సంగతి. జుబైల్‌లో మాకొక ఆర్కెస్ట్రా ఉండేది. పేరు స్వరవేదిక. రామప్రసాద్ గారు ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. పాడరు, ఏదీ వాయించరు. మైకులు, మిక్సరు, స్పీకర్లు ఆయన కొన్నవి కనక లీడరు ఆయనే. అదే కంపెనీలో పైపు ఫిట్టరుగా పనిచేసే జ్ఞానరాజు మ్యాండలిన్ వాయించేవాడు. నేను స్టోర్‌కీపర్ని, నాది ఢోలక్. కీబోర్డు దగ్గర ఒక మలయాళీ, పాడడానికి భార్యాభర్తలు ఒక జంట. మా బలగమంతా ఇంతే. వయసులో నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడు కాబట్టి జ్ఞానరాజుని రాజన్న అని పిలిచేవాణ్ణి. ఇక్కడా అలాగే రాస్తాను.

ప్రోగ్రాములు శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక, ఇంజనీర్ల కుటుంబాలుండే కాంపౌండు హాల్లో జరిగేవి. బయటికి చప్పుడు పోకూడదని తలుపులు మూసి, కర్టెన్లు లాగేసేవాళ్ళం. రాజన్న మ్యాండలిన్ని పనిలో తొడుక్కునే పాత కవరాల్లో చుట్టి, రెంచీల పెట్టెలో పెట్టుకుని లేబర్ క్యాంపు నుంచి పికప్‌లో తెచ్చేవాడు. మధ్యలో అసర్ నమాజుకు పిలిచే బాంగు వినిపిస్తే ఆపాలి. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు లోపల అంతా సర్దేసి హాలు అప్పజెప్పాలి. అంటే ఉన్నదే మూడు గంటలు. ఆ మూడు గంటల్లో పాటలు పాడాలి, బిర్యానీ ఇచ్చినవారి పేరు చెప్పాలి, హాలు ఇప్పించినవారి పేరు చెప్పాలి, ఎవరి అమ్మాయి పుట్టినరోజో చెప్పాలి, గేటుకు అడ్డంగా పెట్టిన తెల్ల కామ్రీ కారు ఎవరిదో కనుక్కోవాలి.

వీటన్నిటికీ రామప్రసాద్ గారు ఒక పద్ధతి కనిపెట్టారు. పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాల బిట్టు వస్తుంది కదా, ఆ బిట్టు మీద చెప్పేవారు. పాడుతుండగా మాట్లాడితే పాడేవాళ్ళు అలుగుతారు. పాటకూ పాటకూ మధ్య మాట్లాడితే జనం టీ దగ్గరికి లేచిపోతారు. బిట్టు మీద మాట్లాడితే ఎవరూ కదలరు, ఎవరూ అలగరు. పేర్లు అయిపోతే మెచ్చుకోలు మొదలయ్యేది. "ఆహా! వాయించు రాజూ! పాలకొల్లు నీళ్ళు తాగిన చెయ్యండీ ఇది!" అని ఆయన మూడోసారి అనేసరికి బిట్టు అయిపోయి చరణం వచ్చేసేది. నాలుగేళ్ళలో రాజన్న బిట్టు ఒక్కటి మొదటి నుంచి చివరిదాకా విన్నవాడు ఆ హాల్లో లేడు. నేనొక్కణ్ణి విన్నాను, అదీ ఆయన మోచేతి పక్కన కూర్చునేవాణ్ణి కాబట్టి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వాయించేవాడు ఇంకా లోకువ.

ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "సార్, రాజన్న వాయిస్తున్నప్పుడు మాట్లాడకుండా ఉంటే బాగుంటుందేమో" అన్నాను.

ఆయన నవ్వారు. "సుందర్, నీకు ఆడియన్స్ సైకాలజీ తెలీదు. నేను మాట్లాడుతున్నాను కాబట్టే రాజు పేరు జుబైల్ మొత్తం తెలిసింది. లేకపోతే ఆ మూల కూర్చున్నది ఎవరో కూడా తెలిసేది కాదు" అన్నారు.

అది నిజం కూడాను. అందుకే మరీ మండింది.

రాజన్నది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. చర్చిలో హార్మోనియం వాయించే ముసలాయన దగ్గర పన్నెండేళ్ళకే మ్యాండలిన్ పట్టాడు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో పదేళ్ళు వాయించి, జ్ఞానమణిని పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని కన్నాక ఊళ్ళోకి కీబోర్డు దిగింది. ఒక్క మనిషి వచ్చి నలుగురి కూడు పట్టుకుపోయాడు. అప్పుడు విశాఖపట్నం వెళ్ళి ఒక కాంట్రాక్టరు కింద పైపు ఫిట్టింగు నేర్చుకున్నాడు. అక్కణ్ణించి జుబైల్. వచ్చి పదకొండేళ్ళు. పనిలో మొనగాడు, పైపుల అతుకు దగ్గర ఫ్లాంజి బిగిస్తే లీకు రాదని ఫోర్‌మన్‌లు ఆయన్నే అడిగి తీసుకెళ్ళేవారు. ఆ పనే చేతిని తినేస్తోంది. ఎడమచేతి ఉంగరపు వేలు పొద్దున్నే వంగేది కాదు. మగ్గులో వేడినీళ్ళు పోసి, అందులో చెయ్యి ముంచి, కాసేపటికి ఒక్కొక్క వేలూ ముడిచి చూసుకునేవాడు. "ఇంకో రెండేళ్ళు స్పానర్ పట్టారంటే ఈ వేలు మీ మాట వినదు అంకుల్" అని క్లినిక్‌లో నర్సు జాయ్సీ మొహం మీదే చెప్పింది.

అదే నెలలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి కంపెనీది: ఇంకో రెండేళ్ళకు సంతకం పెడతావా, ఖురూజ్, అంటే ఎగ్జిట్ వీసా, కొట్టించుకుని ఇంటికి పోతావా, నెలాఖరులోగా చెప్పాలి. రెండోది జ్ఞానమణి ఉత్తరం. భీమవరంలో క్రైస్తవ పాటల సీడీలు చేసే స్టూడియో ఒకటి పెట్టారట, నెలజీతం మీద మ్యాండలిన్ మనిషి కావాలట. అక్కడ అన్నీ చూసుకునే క్రిస్ అనే అతనితో ఆవిడ మాట్లాడింది. విడిగా గదిలో వాయించింది కాదు, ఆర్కెస్ట్రాతో కలిసి వాయించిన సీడీ పంపమన్నాడట. మిక్సరులోంచి సీడీ చేసే సరంజామా మాకు తెలిసినంతలో రామప్రసాద్ గారి దగ్గరే ఉంది.

రాజన్న ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు నన్ను తోడు రమ్మన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"అయ్యగారూ, వచ్చే శుక్రవారం నాకు ఒక్క రెండు నిమిషాలు వదిలెయ్యాలండి. పాట మధ్యలోనేనండి. మాటలేం లేకుండానండి" అన్నాడు. ఎందుకో కూడా దాచకుండా చెప్పాడు.

"రెండేమిటయ్యా, మూడు తీసుకో! నీ లైఫ్‌కి సంబంధించిన విషయం. నేను మైకు ముట్టుకుంటే ఒట్టు" అన్నారు రామప్రసాద్ గారు. ఆ క్షణాన ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే ఉంది. కావాలని చేసినవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

ఆ శుక్రవారం పాట మధ్యలో కీబోర్డు తగ్గింది. నేను ఢోలక్ మీద వేళ్ళతోనే దరువు పట్టాను. రాజన్న మోహన రాగంలో తనే కట్టుకున్న బిట్టు ఎత్తుకున్నాడు. మొదట కింద తీగల మీద నెమ్మదిగా, ఏదో మర్చిపోయిన పేరు గుర్తు తెచ్చుకుంటున్నట్టు వాయించాడు. తర్వాత ఆ పేరు గుర్తొచ్చినట్టు పైకి వెళ్ళాడు. ఉంగరపు వేలు ఆ రోజు మాట విన్నది. హాల్లో మాటలు తగ్గాయి. నాకు కళ్ళనీళ్ళొచ్చాయని చెప్పడానికి సిగ్గుపడను.

వెనక వరసలో ఇద్దరు టీ కోసం లేచారు. ఇద్దరంటే ఇద్దరే. రామప్రసాద్ గారు వాళ్ళని చూశారు, ఆయన చెయ్యి మైకు మీదికి దానంతటదే వెళ్ళింది.

"కూర్చోండి సార్, కూర్చోండి! మీరు వింటున్నది మామూలు చెయ్యి కాదు. వారమంతా పైపులు బిగించి, శుక్రవారం తీగలు మీటే చెయ్యి! ఆహా! ఈ కుర్రాడు, యాభై ఏళ్ళ కుర్రాడు లెండి, మన స్వరవేదికకు దొరకడం మన అదృష్టం..." చివరి తీగ ఆగేదాకా ఆయనా ఆగలేదు. ఆగాక వచ్చి రాజన్నని కౌగిలించుకున్నారు. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి. "సారీ రాజూ, ఆగలేకపోయాను. అంత బాగా వాయించావు" అన్నారు.

"పర్లేదండి" అన్నాడు రాజన్న.

ఆ సీడీ క్యాంపులో ఎవరి ప్లేయర్లోనో వేసుకుని విన్నాం. మొదటి యాభై సెకన్లూ మ్యాండలిన్ కడిగిన గాజు గ్లాసులా ఉంది. తర్వాతంతా రామప్రసాద్ గారే. ఆయన గొంతు ముందుంది, మ్యాండలిన్ ఎక్కడో పక్కగదిలో మోగుతోంది. మళ్ళీ రికార్డు చేద్దామా అంటే మర్నాటి నుంచే రిపేర్ల కోసం ప్లాంటు షట్‌డౌన్. నెలంతా పన్నెండు గంటల డ్యూటీ, శుక్రవారం సెలవు కూడా లేదు.

"ఏం చేద్దాం తమ్ముడూ? పంపనా, మాననా?" అని రాజన్న నన్నడిగాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. "పంపన్నా. ఆయన తిట్టలేదు కదా, పొగిడాడు. ఒక ఇంజనీరు గారు అంతలా మెచ్చుకున్నారంటే సర్టిఫికెట్ ఇచ్చినట్టే కదా" అన్నాను. పదేళ్ళు ఇంజనీర్ల సంతకాల కింద బతికిన బుర్ర అంతకంటే ఏం ఆలోచిస్తుంది? సంతకం ఉంటే సరుకు మంచిదే అనుకునే స్టోర్‌కీపర్ని నేను. రాజన్న కూడా "అదీ నిజమేలే" అన్నాడు. ఇంటికి వెళ్ళే ఒకాయన చేతికిచ్చి పంపాం.

నెలాఖరుకు మూడు రోజులుందనగా, మధ్యాహ్నం భోజనాల వేళ, క్యాంపు పక్కనున్న టెలిఫోన్ కేబిన్ నుంచి రాజన్న భీమవరం ఫోన్ చేశాడు. నన్ను కూడా చెవి పెట్టమన్నాడు.

"విన్నామండి అంకుల్" అన్నాడు క్రిస్. మర్యాదగానే మాట్లాడాడు. "మొదట్లో బానే ఉందండి. తర్వాత మ్యాండలిన్ సరిగ్గా వినబళ్ళేదు. నెలజీతం మీద తీసుకోవాలంటే అది సరిపోదు కదండి. మా స్టూడియో అయ్యగారు మ్యాండలిన్ కూడా కీబోర్డులోనే వాయించేద్దాం అంటన్నారు."

"ఆయ్" అన్నాడు రాజన్న.

"అన్నట్టు అంకుల్, మధ్యలో మాట్లాడిన బ్రదర్ ఎవరండి? గొంతు చాలా బాగుంది. పాటల మధ్య బైబిలు వాక్యం చదవడానికి అలాంటి గొంతు కోసమే వెతుకుతున్నాం. ఆయన నంబరుంటే ఇస్తారా?"

రాజన్న జేబులోంచి చిన్న డైరీ తీశాడు. ఒక్కొక్క అంకే నిదానంగా చెప్పి, అవతలివాడు మళ్ళీ చదివితే సరిచూసుకుని, ఫోన్ పెట్టేశాడు.

"ఎందుకిచ్చావన్నా?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"అడిగాడు కదా తమ్ముడూ. ఇందులో ఆ కుర్రాడి తప్పేముంది?"

మర్నాడు వెళ్ళి కంపెనీ కాగితం మీద సంతకం పెట్టాడు. రెండేళ్ళు. నేను క్షమించమని అడగాలనుకున్నాను. అడిగితే ఆయన నన్ను ఓదారుస్తాడని తెలుసు, అది భరించలేక మానేశాను.

షట్‌డౌన్ అయ్యాక మళ్ళీ ప్రోగ్రాం పెట్టారు. రాజన్న రాడనుకున్నాను. ఎప్పటిలాగే రెంచీల పెట్టె పట్టుకుని పికప్ ఎక్కాడు. నాలుగో పాటలో మ్యాండలిన్ బిట్టు వచ్చింది. ఎత్తుకున్నాడో లేదో రామప్రసాద్ గారు మైకు అందుకున్నారు.

"ఒక తమాషా సంగతి చెప్పాలండీ! మన రాజు సీడీ ఇండియాలో స్టూడియోకి పంపిస్తే, వాళ్ళు నాకు ఫోన్ చేశారు! మీ గొంతు మాకు కావాలి, జీతం ఇస్తాం, వచ్చెయ్యండి అన్నారు!" హాలు గొల్లుమంది. "నవ్వకండి, సీరియస్సే! ఇక్కడి ఉద్యోగం మానేసి భీమవరం రమ్మంటారు! వాళ్ళు చెప్పిన జీతం విని మా ఆవిడ రెండ్రోజులు నవ్వింది. సారీ బ్రదర్ అని పెట్టేశాను. ఏదేమైనా క్రెడిట్ అంతా మన రాజుదే. వినండి, వినండి ఆ చెయ్యి! ఆహా! వాయించు రాజూ!"

చప్పట్లు మోగాయి. ఈలలు వేశారు. నేను పక్కకి చూశాను. రాజన్న రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మ్యాండలిన్ కింద, కవరాల్ మీద ఉంది. కీబోర్డు తన స్వరం తాను సాగదీస్తోంది. నా దరువు నడుస్తోంది. పాడే ఆవిడ చరణం అందుకుంది. రామప్రసాద్ గారు రాజన్న వైపు చెయ్యి చూపిస్తూ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

తిరిగి వెళ్ళేటప్పుడు పికప్ వెనక ఇద్దరమే కూర్చున్నాం. ఇంకా ఎండ తగ్గలేదు. రాజన్న ఎడమచేతి వేళ్ళు కుడిచేత్తో ఒత్తుకుంటున్నాడు.

"ఆయన మాట మొదలెట్టగానే ఆపేశాను తమ్ముడూ. బిట్టు మొత్తం. నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

నాకు తెలియలేదు. నేను కూడా అందరిలాగా రామప్రసాద్ గారి కబురే వింటున్నాను. చప్పట్లు మోగాకే పక్కకి చూశాను.

"మొదట్లోనే తెలిసిందన్నా" అన్నాను.

రాజన్న నా మొహంలోకి చూశాడు.

"మరి నువ్వు దరువెందుకు ఆపలేదు?" అన్నాడు.