పెనుకొండ దగ్గర కంబళిలో దిగిన ప్రయాణం

ధర్మవరంలో మా అక్కకు ఆపరేషన్. మధ్యాహ్నం మూడింటికి లోపలికి తీసుకుపోతారట. ఆలోపు నన్ను చూడాలని అడిగింది. అందుకే బెంగళూరు నుంచి ఒక్కదాన్నే బయలుదేరాను. చిన్నప్పుడు పోలియో రావడంతో నేను చంకకర్రలతో నడుస్తాను. నాలాంటివాళ్లు ఈ దారిలో వెళ్లాలనుకుంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

తెల్లవారగానే ఎక్కిన మెట్రో సగం దారిలో పైవంతెన మీద ఆగిపోయింది. రాత్రి గాలివానకు విరిగిన కొమ్మ ఒకటి మెట్రోకు కరెంటు ఇచ్చే లైను మీద పడిందట. సిబ్బంది అందరినీ పట్టాల పక్కనున్న సన్నటి దారి వెంట నడిపించుకుపోయారు. ఆ దారిలో నా కర్రలు పట్టవు. సిబ్బందిలో ఒకమ్మాయి నాకు తోడుగా పెట్టెలోనే కూర్చుండిపోయి, తన డబ్బాలోని చిత్రాన్నం సగం నాకు పెట్టింది. మళ్లీ కరెంటు వచ్చేసరికి నేనెక్కాల్సిన ఎక్స్‌ప్రెస్ వెళ్లిపోయింది.

దాంతో హిందూపురం బస్సెక్కాను. రెండొందల లోపే టికెట్టు, దాదాపు మూడు గంటల ప్రయాణం. బస్సు మెట్లు నాకు కష్టం, ప్లాట్‌ఫాం మీది నుంచి రైలెక్కడం కాస్త తేలిక కాబట్టి అక్కడి నుంచి ధర్మవరానికి ప్యాసింజరు బండి పట్టుకున్నాను. మామూలుగా గంటన్నరలో చేరుస్తుంది.

పెనుకొండ కొండ కనిపిస్తుండగా అదీ ఆగింది. రాత్రి గాలివానకు దెబ్బతిన్న పైతీగ దారిలో ముందెక్కడో తెగిందని, ఎప్పటికి బాగవుతుందో చెప్పలేనని గార్డు అన్నాడు. జనం ఒక్కొక్కరే కంకర మీదికి దూకి, చేలకడ్డంగా హైవే వైపు నడిచిపోయారు. నేను తలుపు దగ్గర నిలబడి కిందికి చూశాను. నేల నా ఎత్తంత లోతున ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది.

కట్ట కింద గొర్రెలు మేపుతున్న ఒక పెద్దామె నన్ను చూసి దగ్గరికొచ్చింది. పేరు నాగమ్మ.

"ఏం పాపా, అందరూ పోతాంటే నువ్వు దిగలేదే?"

"దిగేకి రాదవ్వా. ధర్మవరం పోవల్ల. మా అక్కకు ఆపరేషన్."

ఆమె నా కర్రల వైపు ఒక క్షణం చూసింది. "కంబళి ఉండాది. నడుమ కూర్చో, తలా ఒక కొస పట్టుకుంటాం. నువ్వు కండ్లు మూసుకో, సాలు."

భర్తను కేకేసింది. గార్డూ, అప్పటికే కట్ట దిగి వెనక్కొచ్చిన ఒక ప్రయాణికుడూ మిగతా రెండు కొసలు పట్టారు. నేను కళ్లు మూసుకోలేదు. నాలుగు మొహాలనూ చూస్తూనే నేల మీదికి వచ్చాను. అదే కంబళిలో రోడ్డు దాకా మోశారు. అక్కడ టమోటాలు దించి వస్తున్న బొలెరో ఆపి పెనుకొండ బస్టాండుకు పంపారు. బస్సులోకి కండక్టరు చేయిచ్చి ఎక్కించాడు. అక్కడి నుంచి ధర్మవరం గంటకు కొంచెం పైనే.

నేను వెళ్లేసరికి అక్క స్ట్రెచర్ మీద ఉంది. నా చెయ్యి పట్టుకుని, "గొర్రెల వాసన వస్తాండావే" అని నవ్వింది. ఆ నవ్వుతోనే లోపలికి పోయింది. సాయంత్రానికి క్షేమంగా బయటికొచ్చింది.

నగరంలో మెట్రో అయినా, చేల మధ్య ప్యాసింజరైనా ఒక్క కరెంటు లైను దెబ్బతింటే నిలిచిపోతుంది. నడవగలిగినవాళ్లు నడిచిపోతారు, వాళ్లకూ పనులుంటాయి. కానీ ఆ రోజు రెండుచోట్లా నాకోసం ఎవరో ఒకరు ఆగారు. మా అక్క నవ్వుతూ లోపలికి వెళ్లింది వాళ్లవల్లే అనుకుంటాను.

మీరూ నాలా దిగలేనివాళ్లయితే చివరి పెట్టెలో ఎక్కండి. గార్డు పక్కనే ఉంటాడు. ఎక్కగానే ఆ మాట ఆయనకు చెప్పి కూర్చోండి.