సుగుణక్క నొక్కిన మ్యూట్ బటన్

2006. చెరకు నరికే కాలం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రినీ, బోధన్‌లో ఉన్న దాని చిన్న క్లినిక్‌నీ ఐపీ ఫోన్లతో కలిపే పని నాకొచ్చింది. ఐపీ ఫోన్ అంటే మన మాటను కంప్యూటర్ వైరు మీద పంపించే ఫోన్. బోధన్‌లో మూడంకెలు నొక్కితే నిజామాబాద్ వార్డులో మోగుతుంది, ఎస్టీడీ బిల్లు పడదు. యజమానులకు నేను చెప్పేది ఈ ఒక్క మాటే. మిగతా ఫీచర్లు ఎవడు వాడతాడులే అని నాకూ లోలోపల ఉండేది.

బోధన్ క్లినిక్‌లో ఫోను చూసేది సుగుణక్క. ఆదివారం చర్చిలో పాటలెత్తే గొంతు. బోధన్ బజారులో వినీ వినీ మరాఠీ కూడా నేర్చుకుంది. ఆ పొద్దున ఆమెకు బటన్లు నేర్పుతున్నాను. కాన్ఫరెన్స్ నొక్కితే మూడు చోట్ల ఉన్నవాళ్లు ఒకే కాల్‌లో మాట్లాడుకోవచ్చు. మ్యూట్ నొక్కితే మన మాట అవతలికి పోదు.

“ఇద్దరు మాట్లాడితెనే లొల్లయితది తమ్మీ, మూడో మనిషెందుకు?” అని నవ్వింది.

అంతలో బయటి నుంచి ఫోనొచ్చింది. మహారాష్ట్ర నుంచి చెరకు నరకడానికి వచ్చిన కూలీ. తెల్లారగానే నొప్పులు పడుతున్న భార్యను ఇక్కడికి తెస్తే, క్లినిక్ వాళ్లు జీపులో నిజామాబాద్ పంపారు. పిల్లలను గుడిసెల దగ్గర తోటివాళ్లకు అప్పగించడానికి వెనక్కి పోయిన ఆయన, ఊరి ఎస్టీడీ బూత్ నుంచి ఆమె ఎట్లుందని అడుగుతున్నాడు.

సుగుణక్క ఆయనను లైన్లో ఉండమని మరాఠీలో చెప్పి, తనే వార్డుకు ఫోన్ చేసింది. అక్కడి సిస్టర్ ఎత్తింది. బిడ్డ అడ్డం తిరిగిందట, వెంటనే ఆపరేషన్ చేయాలట. ఆమెకేమో తెలుగు రాదు, ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు, మొగుడేడని ఒకటే ఏడుపు. ఇంకా ఆగితే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరని సిస్టర్ చెప్పింది.

నేను నోరు తెరిచేలోపే సుగుణక్క కాన్ఫరెన్స్ నొక్కేసింది. సిస్టర్ ఫోనును మంచం దాకా మోసుకుపోయి స్పీకర్ పెట్టింది. వార్డులో పొడుగు వైరు కావాలని వాళ్లడిగితే ఎంత సణిగానో! కానీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. క్లినిక్ లెక్కల కంప్యూటర్ అదే లైన్ మీద ఫైళ్లు పంపుతోంది మరి. ఉరికిపోయి దాని వైరు పీకేశాను. క్లర్కు ఇంతెత్తున లేచాడు, లేవనీ అనుకున్నాను. గొంతులు తేటపడ్డాయి.

మంచం పక్కనున్న డాక్టరమ్మ చెప్పిందంతా సుగుణక్క మరాఠీలో చెప్పింది. తొందరపడలేదు, ఒక్క మాటా పెంచలేదు. ఆయన ఏదో అడిగాడు.

“పాణానికి భయమున్నదా అని అడుగుతుండు మేడం.”

“ఇప్పుడు చేస్తే భయం లేదు. ఆలస్యమైతేనే భయం.”

అదీ చెప్పింది. ఆయన భార్యను పిలిచాడు, ఆమె ఏడుస్తూనే బదులిచ్చింది. అప్పుడు సుగుణక్క మ్యూట్ నొక్కి, రిసీవరును బల్ల మీద బోర్లించింది. నేను రిసీవరు వైపు చెయ్యి చాపాను.

“అక్కా, వినవా?”

“ఆలుమొగలు మాట్లాడుకుంటుండ్రు. నడుమల మనమెందుకు?”

ఫోను మీద రెండు లైట్లు వెలుగుతున్నాయి, ఒకటి బూత్‌ది, ఒకటి వార్డుది. ఎన్ని ఫోన్లు బిగించానో నాకే లెక్క లేదు గానీ, ఒక లైటును అట్లా కళ్లప్పగించి చూడటం అదే మొదలు. చివరికి బూత్ లైటు ఆరిపోయింది. సుగుణక్క మ్యూట్ తీసి, “సిస్టర్, ఏమన్నది?” అంది.

“ఒప్పుకున్నది అక్కా. వేలిముద్ర వేసింది. తీస్కపోతున్నం.”

మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఆడపిల్ల, తల్లి క్షేమం. సుగుణక్క కళ్లు మూసుకుని దేవునికి దండం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇంతకీ ఆయన భార్యతో ఏమన్నాడో అని అడిగాను.

“నాకేమెరుక? నువ్వు పక్కకే ఉన్నవ్ గద” అంది.

ఈ ఫోన్ల పనిలో ఎందరినో చూశాను గానీ, ఆమెలాంటి ఆపరేటర్‌ను మళ్లీ చూడలేదు. మనుషులను కలపడం వరకే నా పని అనుకునేవాణ్ని. కలిపాక పక్కకు జరగడం కూడా అందులో భాగమేనని ఆమెను చూశాకే తెలిసింది. ఇప్పటికీ కొత్తవాళ్లకు కాన్ఫరెన్స్ బటన్ చూపించగానే, వెంటనే మ్యూట్ చూపిస్తాను.