మెడ మా పిల్లది, ముఖం మరొకామెది

మా మనుమరాలు సుంకమ్మకు సినిమాలో తాళి పడింది కాబట్టి కోసిగి సంబంధం చెల్లదని కులపెద్దలు మీరు తీర్పు చెప్పారు. ఆ సినిమా చూసొచ్చి చెప్పినవాడు మన ఊరి హనుమంతు ఒక్కడే. నా కళ్లతో చూడందే ఒప్పుకోనని నేను కడపకు బయలుదేరాను. పెద్దలారా, మీరూ వెళ్లి చూడాలి. అందుకే దారి, ఖర్చు అన్నీ మిషను బడి అయ్యవారితో రాయిస్తున్నాను.

వీధుల్లో తంబూర మీటుతూ పాడుకునే ఒక పిల్ల, ఒక పిల్లవాడు ప్రేమించుకునే కథ అది. గుంపులో పాడడానికి సుంకమ్మను నాలుగు రోజులు పిలిచారు. పెండ్లి తీసే రోజున అసలు నటికి జ్వరం వచ్చింది. ఆగడానికి ఆ సినిమావాళ్లకు స్తోమత లేదు, ఆమె బదులు సుంకమ్మను కూర్చోబెట్టారు. "వీపు తిప్పి కూచోమనిరి అవ్వా. పసుపుకొమ్ము కట్టిరి, మళ్లా ఇప్పుకొనిరి. వాళ్లకుండేది అదొకటే" అని సుంకమ్మ ఏడ్చింది.

తెల్లవారుజామున ఆలూరులో బొగ్గుతో నడిచే బస్సెక్కాను. గుంతకల్లుకు ఆరణాలు.

"ఏమవ్వా, ఈ వయసులో యాడికి పోతాండావు?" అన్నాడు డ్రైవరు.

"పెండ్లి చూసేదానికి."

"ఎవురిది?"

"అదే తెలీక పోతాండానప్పా."

గుంతకల్లులో ఎనిమిదింటి రైలెక్కితే మధ్యాహ్నం రెండు గంటలకు కడపలో దిగాను. తాడిపత్రి దాటాక బోగీలో ఎండకు కూర్చోలేం, నీళ్లు తెచ్చుకోండి. మూడు గంటల ఆటకు నేల టిక్కెట్టు రెండణాలు.

తాళి కట్టే చోటు వచ్చింది. వీపు కనబడింది. మెడ మీద కాలిన మచ్చ, అది మా సుంకమ్మదే. ముడులు పడ్డాయి. పిల్ల ఇటు తిరిగేసరికి ముఖం ఎవరిదో! మెడ మాది, ముఖం వాళ్లది. పెండ్లి ఎవరికైనట్టు? జనం చప్పట్లు కొట్టారు. నాకేమీ పాలుపోలేదు. అందరూ లేచిపోయినా అక్కడే కూర్చున్నాను.

"ఆట అయిపాయ గదవ్వా, లెయ్" అన్నాడు గేటు దగ్గరి మనిషి. తేల్చుకోకుండా కదలనన్నాను. మరో రెండణాలు తీసుకుని కూర్చోనిచ్చాడు.

ఆరున్నరకు మళ్లీ వేశారు. అదే పిల్ల, అదే వీధి, అదే తంబూర. మెడ బోసిగా ఉంది!

"ఏమప్పా, ఇందాక పడిన తాళి యాడ పాయ?" అని గేటు మనిషిని అడిగాను.

"మొదటికొచ్చె గదవ్వా. దానికి దినానికి రెండు తూర్లు పెండ్లి."

ఆ గుడ్డ మీద జరిగేదేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. మచ్చ మా పిల్లదే, దాచను. కానీ మూడు గంటలకొకసారి దానంతట అదే ఊడిపోయే తాళిని, ఇంట్లో కూర్చుని ఏడుస్తున్న పిల్ల మెడకు మీరెలా అంటగడతారు? కోసిగి వాళ్లకు నేను మాట పంపేశాను, పెండ్లి ఆగదు.

తీర్పు మార్చడానికి మీరు కడపకు వెళితే మాత్రం రెండు ఆటలకూ టిక్కెట్లు కొనండి. ఒక్కటే చూసొచ్చి హనుమంతు మా కొంప ముంచాడు.