ఆయన బిగించిన ప్లగ్గు

ఆదివారం చర్చికి వెళ్ళేముందు మా ఆయన మోపెడ్ ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో మసి రుద్ది, మళ్ళీ బిగించేవారు. బిగించడమంటే మామూలుగా కాదు, ఇంజను మీద ఏదో పాత కక్ష ఉన్నట్టు. బండి కదలకుండా పట్టుకోవడం నా పని.

"అంత గట్టిగా బిగిస్తే మళ్ళీ ఎట్టా ఊడుద్దండీ?" అనేదాన్ని.

"విప్పటానికి నేనున్నాగా!" అనేవారు.

తొంభైల్లో ఒక వేసవిలో గుండెనొప్పితో పోయారు. ఆదరణ కూటం ప్రార్థనకి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక రేపల్లె ఇంట్లో నేనూ, వరండాలో ఆ బండీ మిగిలాం. చెరుకుపల్లిలో నేను పాఠాలు చెప్పే బడి నుంచి బస్సులో ఇంటికొస్తే, మర్నాడు బడికెళ్ళేదాకా నోరు తెరిచే పని ఉండేది కాదు. పిచ్చెక్కేలా ఉండేది.

తెనాలి నుంచి మా బావగారు వచ్చి బండిని చూశారు. "తుప్పు పట్టించటమెందుకమ్మా? ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తాలే."

"నేను నడుపుతానండి. ఆయన నేర్పారు."

"ముందు స్టార్టవ్వాలిగా?" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన వస్తువుల్లో ఊపిరున్నది ఆ బండి ఒక్కటే. అది కూడా పోతే ఇక ఆ ఇంట్లో ఉండలేననిపించింది.

ఆదివారం పొద్దున్నే ప్లగ్గు స్పానర్ తగిలించి తిప్పాను. కదలలేదు. బలమంతా పెట్టాను. స్పానర్ జారి వేళ్ళు చెక్కుకుపోయాయి. పక్కింటాయన్ని పిలిస్తే వస్తాడు. వచ్చి, "ఒక్కదానివే ఎట్టా ఉంటావమ్మా?" అంటాడు. ఆ మాట పడలేక పిలవలేదు. స్టవ్వులోంచి కాస్త కిరసనాయిలు తీసి ప్లగ్గు మొదట్లో పోసి, నాననిచ్చి చర్చికి వెళ్ళాను. ఎంత సబ్బు పెట్టినా వాసన పోలేదు. ప్రభువు బల్ల దగ్గర మోకరించి రొట్టె అందుకుంటే, చేతి నిండా కిరసనాయిలే.

తిరిగొచ్చి చీర కొంగు దోపుకున్నాను. స్పానర్ కడ్డీని పచ్చడిబండతో తట్టాను. మళ్ళీ తట్టాను. కిర్రుమంది. తర్వాత తేలిగ్గా తిరిగింది. గెలిచానని సంతోషించాల్సింది పోయి వరండాలో కూలబడి ఏడ్చాను. ఆయన చేతులు ఆఖరిసారి బిగించింది దాన్నే. అది విప్పేశాను.

కాసేపటికి లేచి మసి రుద్దాను. బిగించాను. పెడల్ తొక్కితే బండి దగ్గి, పొగ కక్కి, స్టార్టయింది.

సాయంత్రం బావగారు వచ్చేవేళకి ఇంజను మళ్ళీ స్టార్ట్ చేసి ఉంచాను. బావగారు దాన్ని ఆపి, వంగి ప్లగ్గు చూసి చెయ్యి చాపారు.

"ఇంకొంచెం గట్టిగా బిగించాలమ్మా. ఆ స్పానర్ ఇట్టియ్యి."

నేను ఇవ్వలేదు.

"వద్దండి బావగారూ. మళ్ళీ ఆదివారం విప్పాల్సింది నేనేగా."